పన్నెండో సంతకం

రెండు రోజుల తర్వాత తమ్ముడు ఇంట్లో కంచం ముందు కూర్చున్నాడు.

కూర్చోవడమే కాదు, "కూరలో ఉప్పు సరిగ్గా పడిందే ఈవేళ" అని మెచ్చుకున్నాడు కూడా. తొమ్మిదేళ్ళ కాపురంలో అతను కూరకి వంక పెట్టడమే గాని మెప్పు చెప్పడం ఆ ఇంటి గోడలైనా ఎరగవు. మరదలు గరిట పట్టుకుని వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది. మెచ్చుకున్న మొగుడి వంక చూడలేదు. నేల చూపులు చూసింది.

కిటికీ పక్కన బల్ల దగ్గర అతని అక్క, చిరిగిన బట్టలు కనబడకుండా కలిపి వీధికంతా రఫూ అక్క అయిన మనిషి, సూదిలో దారం ఎక్కించబోయి ఆగింది.

మొన్న పొద్దున ఇదే మనిషి చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బయటికి పోయాడు. "నీ ఇల్లు, నీ సంతకం, నీ ఇష్టం! నీ ఇంట్లో మెతుకు ముట్టుకుంటే ఒట్టు" అని వాకిట్లో అరిచి మరీ పోయాడు. ఇల్లు అక్క పేరునే ఉంది. చిన్నతనంలో జ్వరం ఆమె కాళ్ళు రెండూ పట్టుకుపోయాక, పిల్లకి నీడ ఉండాలని తండ్రి రాయించాడు. అయినా ఆ ఇంట్లో "నీ ఇల్లు" అన్న మాట అంతవరకు ఎవరి నోటా రాలేదు. వచ్చాక, ఇంట్లో పాము దూరినట్టయింది. ఎక్కడుందో కనబడదు, అందరూ కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నారు.

అంతా ఆ సిమెంటు రోడ్డు తెచ్చిన తంటా. వీధిలో ఉన్నవి ఇరవై రెండు ఇళ్ళు. రోడ్డు వేస్తాం, ఖర్చులో సగం మీరు భరించాలి, ఎవరి ఇంటి ముందు ఎన్ని అడుగులుంటే అంత వాటా అని మునిసిపాలిటీ కాగితం అంటించింది. సగానికి మించి ఇళ్ళవాళ్ళు వద్దని రాసిస్తే మానేస్తామనీ అంది. పదకొండు ఇళ్ళు వద్దన్నాయి. పన్నెండోది తమ్ముడు పెట్టాడు. ఇల్లు మీ పేర లేదు, మీ అక్కగారి సంతకం కావాలని గుమాస్తా పోయిన వారం కాగితం తిప్పి పంపాడు. అక్క పెట్టనంది.

అక్కడ ఆగింది బండి. మరి ఇవాళ కూరలో ఉప్పు ఎలా కుదిరింది?

"అక్కా" అన్నాడు తమ్ముడు చెయ్యి కడుక్కుంటూ. "నువ్వు మొండిదానివే గాని చెడ్డదానివి కాదు. నాకు తెలుసు."

"ఇప్పుడేమైందిరా?"

"ఏమీ కాలేదు. అయిపోయింది. ఇంక ఆ మాట ఎత్తకు. నోరు జారాను, మనసులో పెట్టుకోకు." తువ్వాలుతో మూతి తుడుచుకుని దగ్గరికొచ్చాడు. లారీల షెడ్డులో పనిచేసే చేతులు. ఎంత కడిగినా గోళ్ళ చుట్టూ నల్లటి గీత పోదు. ఆ చేత్తో ఆమె నెత్తిమీద చిన్నపిల్లని తట్టినట్టు తట్టాడు. "నీకు వీధిలోకి పోవాలనిపిస్తే నేను లేనా? వానలు తగ్గనీ. భుజాన వేసుకుని ఊరంతా తిప్పుతాను."

ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

భుజాన వేసుకుని. పోయిన ఏడు నడుము పట్టేసినప్పటి నుంచీ, ఆమెని ఎత్తుకున్న ప్రతిసారీ అతని నోటివెంట ఒక చిన్న మూలుగు వస్తుంది. పళ్ళ బిగువున ఆపుకుంటాడు. వీపు మీద ఉన్న మనిషికి వినబడకుండా ఉంటుందా? ఆ మూలుగు విన్నాక ఏ సినిమాకి పోవాలనిపిస్తుంది, ఏ చుట్టం గుర్తొస్తాడు? ఈ నాలుగు నెలల్లో ఆమె గడప దాటలేదు. ఎవరూ ఎందుకని అడగలేదు.

"ఏమే, వాడికేం చెప్పావు?" అని వంటింట్లోకి కేకేసింది.

కుళాయి తిప్పిన చప్పుడైంది. జవాబు నీళ్ళలో కలిసిపోయింది.

*

మూడు గంటలకి కిటికీ దగ్గరికి ఇద్దరొచ్చారు. లెక్కల మాస్టారు, పిండిమర పిన్ని. రిటైరై పదేళ్ళయినా మాస్టారి జేబులో సుద్దముక్క ఉంటుందని వీధిలో చెప్పుకుంటారు. పిన్ని ఎక్కడికొచ్చినా ఆమె కంటే ముందు పిండి వాసన వస్తుంది. కనుబొమల మీద ఎప్పుడూ తెల్లటి పొడి ఉంటుంది, అరవై ఏళ్ళది తొంభై ఏళ్ళ దానిలా కనిపిస్తుంది.

"అమ్మాయ్, బతికించావు" అన్నారు మాస్టారు. "పదకొండైతే సరిగ్గా సగం. సగం చాలదన్నారు. నీదొక్కటీ పడేసరికి ఇరవై రెంటికి పన్నెండు. యాభై నాలుగున్నర శాతం. ఇక ఆ దేవుడొచ్చినా రోడ్డు పడదు."

రఫూ అక్క చేతిలో కోటు మీద సూది దింపి, అక్కడే వదిలేసింది.

"నాదొక్కటీ?"

"నీ మనసు వెన్న తల్లీ" అంది పిన్ని కిటికీ ఊచలు పట్టుకుని. "నేను మాస్టారితో అంటూనే ఉన్నా, ఆ పిల్ల మన పొట్ట కొట్టదు అని. ఆ రోడ్డు మూరెడు ఎత్తు లేస్తుందట. నా గడప గుంటలో పడుతుంది. వానొస్తే వీధి నీళ్ళన్నీ నా ఇంట్లోకే. అప్పుడు పిండిమర బోర్డు పీకేసి జిగురుమర అని పెట్టుకోవాలి."

మాస్టారు నవ్వారు. పిన్ని నవ్వలేదు. నిజంగానే భయపడుతున్న మనిషి కళ్ళవి.

"అయినా నీకేం తల్లీ" అంది మళ్ళీ. "గడప దాటేదానివా ఏమన్నానా? నడిచేవాళ్ళమే వద్దంటుంటే నీకెందుకు రోడ్డు?"

ఆమె మాటలో విషం లేదు. అందుకే గట్టిగా తగిలింది.

"నడిచేవాళ్ళకే అక్కర్లేదు పిన్నీ" అంది రఫూ అక్క నెమ్మదిగా. "వాళ్ళు రాయి మీద కాలేసి దాటుతారు, బురదైతే ఎగురుతారు. ఏదీ, ఆ కాగితం ఒకసారి ఇలా ఇవ్వండి మాస్టారూ."

"ఎందుకమ్మా, సరిగ్గానే పెట్టావు."

"చూసిస్తాను."

మాస్టారు సంచిలోంచి తీసి ఊచల సందున ఇచ్చారు. పదకొండు సంతకాల కింద పన్నెండోది తన పేరు. తన అక్షరాలే. చివరి గీత ఒకసారి వెనక్కి తిరిగి లోపలికి దూరింది, రఫూ పూర్తయ్యాక దారం కొసని గుడ్డలోకి దోపినట్టు. ఆ తిప్పు తనదే. ఎవరు చూసినా తనదే అంటారు.

రఫూ పని చేసేవాళ్ళు గుడ్డని ముందువైపు నమ్మరు. చిరుగు ఎక్కడ కలిపారో తెలియాలంటే తిరగేస్తారు. ఆమె కాగితాన్ని తిరగేసి, సంతకం పడినచోట వెనకవైపు వేలితో నిమిరింది.

అక్షరాలు వేలికి తగిలాయి. కలం కాగితాన్ని దున్నినట్టు, వెనకవైపు ప్రతి గీతా పైకి లేచి ఉంది.

సన్నటి ఉన్ని మీద ఒక్కొక్క పోగూ ఎత్తి దించే చెయ్యి ఆమెది. ఆమె రాస్తే కాగితానికి తెలియదు. కాగితాన్ని ఇంత భయంగా నొక్కి రాసే చెయ్యి, తన అక్షరాలే రాసే చెయ్యి, ఈ లోకంలో ఒక్కటే ఉంది. ఆ చేతికి అక్షరాలు దిద్దించింది తనే.

"ఏంటమ్మాయ్?" అన్నారు మాస్టారు.

"ఏం లేదు" అని కాగితం మడత పెట్టి ఇచ్చేసింది. "నిన్న సాయంత్రం తెచ్చారు కదూ మీరు?"

"అదేంటి, మరిచిపోయావా? నువ్వు నీళ్ళు పోసుకుంటున్నావని మీ మరదలు లోపలికి తీసుకెళ్ళి పెట్టించి తెచ్చింది. ఇప్పుడే పోయి ఆఫీసులో ఇచ్చేస్తాం. సాయంత్రం గుమాస్తా వస్తాడు, నీ సంతకం అవునా కాదా అని ఒక్క ముక్క అడుగుతాడు. అవునను, చాలు."

*

వాళ్ళ అడుగుల చప్పుడు రాళ్ళ మీద దూరమయ్యేదాకా ఆగింది.

"ఇలా రా."

మరదలు వచ్చింది. తడి చేతులు చీరకి తుడుచుకుంటూనే ఉంది. అవి ఎప్పుడో ఆరిపోయాయి.

"కాగితం కింద ఏం పెట్టుకుని రాశావే?"

"బియ్యం డబ్బా మూత మీద" అంది మరదలు. ఎందుకు రాశావని అడగకుండా ఏం పెట్టుకుని రాశావని అడిగేసరికి అబద్ధం దొరకలేదు పాపం.

అక్షరం ముక్క రాకుండా ఈ ఇంట్లో కాలుపెట్టింది ఆ పిల్ల. మధ్యాహ్నాలు నల్ల కోటు గుడ్డ పరిచి, కొలతలు గీసే సుద్దతో అక్క రాస్తుంటే, ఆ గీతల మీదే వేలు పెట్టి దిద్దింది. దులిపితే పోయే పలక. మూడేళ్ళు దిద్దింది. తన పేరు రాయడం వచ్చిన రోజున ఇంట్లో కనబడిన ప్రతి గుడ్డ మీదా రాసింది. తమ్ముడు వీపు మీద పెళ్ళాం పేరుతోనే షెడ్డుకి పోయి నవ్వులపాలయ్యాడు.

"రెండు రోజులు తినలేదు వదినా ఆయన" అంది మరదలు. "షెడ్డులో టీ తాగి పడుకున్నారు. ఆ షెడ్డు సొంతానికి తీసుకోవాలని ఆరేళ్ళుగా కూడబెడుతున్నారు కదా. మన ఇంటి ముందరి అడుగులు అందరికంటే ఎక్కువ. ఆ డబ్బంతా రోడ్డు కిందకి పోతే మళ్ళీ ఇంకొకడి కింద పానా పట్టుకోవాల్సిందే కదా అని, ఒకటే రంధి."

"నాకు తెలియదా?"

"నువ్వు తెలుసంటావు, ఆయన తెలుసంటారు. ఇద్దరూ మాట్లాడుకోరు. ఇద్దరికీ వడ్డిస్తాను, ఇద్దరి కంచాలూ తీస్తాను. ఇంట్లో ముగ్గురుండి నేను గోడతో మాట్లాడుకుంటున్నాను."

"అందుకని నా పేరు నువ్వు రాసేస్తావా? వీధి చివర ఇస్త్రీ షాపులో నాకు బల్ల వేస్తామన్నారని నీకు తెలియదూ? నలుగురు మనుషుల మధ్య కూర్చుని పనిచేసుకోమన్నారు. నా మూడు చక్రాల బండి నేను తిప్పుకుంటూ పోయి, నేనే తిరిగి రావాలని... ఇరవై రెండు ఇళ్ళ దూరమే! ఎవడి భుజమూ ఎక్కకుండా. అంతకంటే ఏం అడిగానే నేను?"

మరదలు ముఖం ఒక్కసారి ముడుచుకుపోయింది.

"అదే" అంది.

"ఏది అదే?"

"నువ్వు పొద్దున్నే పోతావు. సాయంత్రం వస్తావు. పగలంతా ఈ ఇంట్లో నాకెవరున్నారు వదినా?"

అని, తను ఏమందో తనకే అప్పుడు తెలిసినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

రఫూ అక్క ఇన్నాళ్ళూ ఈ కిటికీ దగ్గర ఒంటరిదాన్ని నేనొక్కదాన్నే అనుకుంది. వంటింట్లో ఇంకొకతె ఉంది. ఇద్దరి మధ్యా ఒక గోడే అడ్డు. తొమ్మిదేళ్ళుగా ఒకరి చప్పుడు ఒకరు వింటూ కూడా, అటువైపు మనిషికి దిగులుందని ఎవరూ అనుకోలేదు.

"చెప్పేస్తాను వదినా, ఆయనకి. నేనే పెట్టానని..."

"నోరు ముయ్యి. పోయి మొహం కడుక్కో."

*

గుమాస్తా నాలుగున్నరకి వచ్చాడు. స్కూటరు వీధి మొదట్లోనే వదిలేసి, చెప్పులు చేత్తో పట్టుకుని, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి వచ్చాడు. వెనకే తమ్ముడు, షెడ్డు బట్టల్లోనే.

"మీ వీధిలోకి రావాలంటే మాకు జీతంతో పాటు చెప్పులు కూడా ఇప్పించాలండీ" అన్నాడు గుమాస్తా అరుగు మీద పాదాలు రుద్దుకుంటూ. "ఇంత బురదలో ఉండి రోడ్డు వద్దంటారు!"

"మా బురద మాకు అలవాటే లెండి" అన్నాడు తమ్ముడు. "మీరు అడగాల్సింది అడిగేయండి."

గుమాస్తా కాగితం తీసి, బల్ల మీద పరిచాడు. కోటు మీది సూదిని చూసి జాగ్రత్తగా పక్కకి జరిపాడు.

"ఇది మీరు పెట్టిందేనా అమ్మా? పోయినసారి ఒకరికి బదులు ఒకరు పెట్టారు కాబట్టి అడుగుతున్నాను. ఆయన తన పేరే పెట్టారు గనక సరిపోయింది. ఒకరి పేరు ఇంకొకరు రాస్తే మాత్రం దొంగ సంతకం కింద కేసు రాయాలి. నా చేతుల్లో ఉండదు."

వంటింటి గుమ్మంలో పళ్ళెంలో టీ గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి. మోగుతూనే ఉన్నాయి.

తమ్ముడు అటు చూడలేదు. అక్క చూసింది.

కాదు అన్న ఒక్క మాట చాలు. పన్నెండు పదకొండవుతుంది, రోడ్డు పడుతుంది. ఈ ఇంటి ఆడమనిషి పేరు పోలీసు కాగితం ఎక్కుతుంది.

"నాదే" అంది.

తమ్ముడు ఊపిరి వదిలాడు. గ్లాసుల మోత ఆగింది. గుమాస్తా కాగితం మీద టిక్కు పెట్టి కలానికి మూత పెట్టబోయాడు.

"నాదే గాని" అంది రఫూ అక్క, "వెనక్కి తీసుకోవచ్చా?"

తమ్ముడు గిరుక్కున అక్క వైపు తిరిగాడు.

"తీసుకోవచ్చు" అన్నాడు గుమాస్తా, మూత చేతిలోనే పట్టుకుని. "గడువు రేపు మధ్యాహ్నం వరకూ ఉంది. కాకపోతే ఇంటి యజమాని స్వయంగా ఆఫీసుకి వచ్చి, మా పెద్దాయన ముందు రాసివ్వాలి."

"మీరే ఇక్కడ రాయించుకోరాదూ? నా సంగతి చూస్తున్నారుగా."

"చూస్తున్నానమ్మా." అతను నిజంగానే నొచ్చుకున్నాడు. "సరిచూడ్డం వరకే నా పని. రాయించుకునే అధికారం లేదు. ఎవరినైనా తోడు తీసుకుని రండి. ఒంటిగంట లోపల."

టీ తాగకుండానే వెళ్ళాడు. తెచ్చిన గ్లాసులు తెచ్చినట్టే ఉన్నాయి.

"సంతకం పెట్టి మాట మారుస్తావా?" తమ్ముడి గొంతు మొదట చిన్నగానే లేచింది. "నిన్న పెట్టి ఇవాళ తీసేయడానికి అదేమన్నా గుడ్డనుకున్నావా, కుట్టి విప్పడానికి? పొద్దున నేను నీ ముందు తలొంచాను. తప్పయిందన్నాను. అప్పుడే అనుకున్నావు కదూ లోపల, వీడు వెర్రివాడు అని?"

అప్పుడు నాకు తెలియదురా అనబోయింది. ఆ మాట అంటే దాని వెనక ఇంకో మాట రావాలి. మింగింది.

గుమ్మంలో మరదలు నోరు తెరిచింది. అక్క ఆమె వంక చూసిన చూపుకి మళ్ళీ మూసుకుంది.

"చెప్పు! నోట్లో సూది పెట్టుకున్నావా?"

"రోడ్డు కావాలిరా నాకు."

"నా షెడ్డు?"

"మన ముందరి అడుగులు ఎక్కువైతే, ఇంటి ముందు ఆ మూలనున్న ఖాళీ చోటు అమ్మేసుకుందాం. ఇల్లు నాదేగా, నేను రాసిస్తాను. పిన్ని గడప మునగకుండా కాలవ తీయమని ఆ పెద్దాయన్నే అడుగుతాను. ఏదో దారి..."

"నువ్వు! నువ్వు పోయి అడుగుతావు!" నవ్వాడు తమ్ముడు. ఏడుపుకి ఎంతో దూరం లేదు ఆ నవ్వు. "ఎలా పోతావు? నా భుజమెక్కి పోయి నా నోట్లోనే మట్టి కొడతావా?"

"నీ భుజం అడగలేదు."

"మరి?"

ఆమె పెరటి తలుపులోంచి పాక వంక చూసింది. టార్పాలిన్ కింద మూడు చక్రాల బండి ఉంది, చేత్తో తిప్పేది. కొన్న కొత్తలో ఒక్కసారే ఎక్కింది. నాలుగో ఇంటి దగ్గర ముందు చక్రం రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుని పక్కకి ఒరిగింది. పడ్డ దెబ్బ గుర్తులేదు. చుట్టూ మూగి, తననడగకుండానే నలుగురూ నాలుగు చోట్ల పట్టుకుని లేపడం గుర్తుంది. ఆ రోజే తమ్ముడు టార్పాలిన్ కప్పాడు.

అతనూ అటే చూశాడు.

"దాన్ని బయటికి తీశావంటే..." అన్నాడు. ఆ మాట పూర్తి చేయలేదు. చరచరా పెరట్లోకి దిగిపోయాడు.

*

పొద్దు వాలింది. దీపం వేసేదాకా మరదలు వంటింట్లోంచి రాలేదు. వేశాక వచ్చి, ఎప్పుడూ లేనిది, అక్క బల్ల పక్కన నేల మీద కూర్చుంది. అక్క కోటు అందుకుని చిరుగు చుట్టూ పోగులు లెక్కపెట్టింది. తప్పింది. మళ్ళీ లెక్కపెట్టింది.

పెరట్లో టార్పాలిన్ జారి కింద పడిన చప్పుడైంది.

మరదలు అక్క మోకాలి మీద చెయ్యి వేసింది. కదల్లేని మోకాలే గాని, ఆ చేతి వెచ్చదనం దానికి తెలిసింది. అక్క ఆ చేతి మీద తన చెయ్యి పెట్టింది.

కాసేపటికి పాక లోంచి ఇనుము చప్పుడు మొదలైంది. కిర్రు. ఆగింది. మళ్ళీ కిర్రు. తుప్పు పట్టిన నట్టుని పానా పట్టి తిప్పుతున్న చప్పుడు. ఒక్కో తిప్పుకీ అతని నోట్లోంచి ఆ పాత మూలుగు, పళ్ళ బిగువున.

"చక్రం దగ్గరే వదినా" అంది మరదలు గుసగుసగా. "బిగిస్తున్నారా? ఊడదీస్తున్నారా?"

రఫూ అక్క సూది ఆపి చెవి పెట్టింది. పాతికేళ్ళుగా ఆ చేతి చప్పుళ్ళు వింటున్న చెవులు అవి. బిగించినా అదే కిర్రు. విప్పినా అదే.

"చూసి రానా?"

"వద్దు" అంది అక్క.

పానా నేల మీద పెట్టిన శబ్దం. అడుగులు బండి చుట్టూ తిరిగాయి. రెండో చక్రం దగ్గర మళ్ళీ మొదలైంది.